కడుపు, కలత, ఒక కాన్ఫిడెన్షియల్ రిపోర్టు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగారు. కోటల గురించీ, శాసనాల గురించీ రాయగల పెద్దలు మన సభ్యులలో చాలామంది ఉన్నారు. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. నాకు క్షుణ్ణంగా తెలిసిన చరిత్ర ఒక్కటే, అది నా కడుపు చరిత్ర. అయితే దాన్ని తవ్వుకుంటూ పోతే రెండు వందల ఏళ్ళ వైద్యశాస్త్ర చరిత్ర బయటపడింది. రిటైరయ్యాక గ్రంథాలయంలో కూర్చుని, మా మనవరాలు తెచ్చిపెట్టిన కాగితాలు ఆమె చేతే అర్థం చెప్పించుకుని, నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా ఉదంతం చెప్పాలి. 1978 ప్రాంతంలో నాకు కడుపులో మంట మొదలైంది. ఖాళీ కడుపుతో ఉంటే నొప్పి, ఏదైనా తింటే కాస్త శాంతి, మళ్ళీ అర్ధరాత్రి రెండు గంటలకు లేపి కూర్చోబెట్టే నొప్పి. ఇది ఆ రోజుల్లో గుమాస్తాల జబ్బు. మా సెక్షన్‌లో ప్రతి సొరుగులోనూ జెలుసిల్ మాత్రలు ఉండేవి. డాక్టరు గారు డ్యుయోడినల్ అల్సర్ అన్నారు. కారం మానమన్నారు, ముఖ్యంగా ఆలోచనలు మానమన్నారు. ఆడిట్ పేరాలు నెత్తిమీద పెట్టుకుని ఆలోచనలు ఎలా మానాలో ఆయన చెప్పలేదు. 1981లో ఆపరేషన్ చేశారు. దాన్ని వార్డులో అందరూ ‘వేగాటమీ, జి.జె.’ అనేవారు. మెదడు నుంచి కడుపుకు దిగే వేగస్ అనే నరాన్ని కోసేస్తారు, ఆమ్లం ఊరడం తగ్గుతుంది. నరం పోతే జీర్ణాశయం సరిగా ఖాళీ కాదు కనుక దానికి పేగుతో కొత్త దారి కలుపుతారు. ఈ నరం కోసే పద్ధతిని షికాగో విశ్వవిద్యాలయంలో లెస్టర్ డ్రాగ్‌స్టెడ్ 1943లో అల్సర్ రోగులకు ప్రారంభించారు. నా పక్క మంచాలలో ఉన్నవారిలోనూ చాలామందికి అదే ఆపరేషన్. చేసిన సర్జన్ గారు సమర్థులు, అప్పటి శాస్త్రం చెప్పినదే ఆయన చేశారు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా ఆ తర్వాత వచ్చిన కాగితం మీదే. 1983లో నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులోని ప్రతికూల వ్యాఖ్యను తెలియజేస్తూ ఒక మెమో వచ్చింది. అనవసరంగా కంగారుపడే స్వభావం, అందువల్ల తరచు అనారోగ్యం, అని దాని సారాంశం. ఆ ఏడు ప్రమోషన్ ప్యానెల్‌లో నా పేరు లేదు. రాసిన అధికారి ఇప్పుడు లేరు, పేరు అనవసరం. సెలవులు ఎక్కువ పెట్టానంటే ఒప్పుకునేవాణ్ణి. రోగం వచ్చింది నీ గుణం వల్లనే అని సర్కారు కాగితం మీద రాసేసరికి మనసు విరిగింది. అప్పీలు చేయలేదు. ఏమని చేస్తాను? డాక్టర్లూ అదే అంటున్నారు, మా ఇంట్లోవాళ్ళూ అదే అంటున్నారు. కంగారు వల్ల కడుపు చెడుతుందన్నది అప్పటికి లోకమంతా ఒప్పుకున్న మాట. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరు నిలబెట్టారు, ఎవరు పడగొట్టారు, మళ్ళీ ఎవరు ఇంకో దోవన లేపి కూర్చోబెట్టారు అన్నదే ఈ వ్యాసం.

మొదటి సాక్ష్యం అమెరికాది. 1822 జూన్ 6న మాకినాక్ దీవిలో, బొచ్చుతోళ్ళ వ్యాపార కంపెనీ దుకాణం దగ్గర, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా కూలీకి పొరపాటున తుపాకి పేలి పొట్టలో గుండ్లు దిగాయి. సైన్యపు డాక్టరు విలియం బోమాంట్ వైద్యం చేశారు. మనిషి బతికాడు కానీ జీర్ణాశయానికి పడ్డ కన్నం మూసుకోలేదు. బయటి నుంచి లోపలికి చూడవచ్చు. 1825 నుంచి బోమాంట్ మాంసం ముక్కలు పట్టుదారానికి కట్టి ఆ కన్నంలోంచి లోపలికి దించి, కాసేపటికి పైకి లాగి, ఎంత అరిగిందో చూసి రాసుకునేవారు. 1833లో అచ్చయిన ఆయన పుస్తకంలో 238 ప్రయోగాలు ఉన్నాయి. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చిన రోజున కడుపు లోపలి రంగు మారుతున్నదనీ, అరుగుదల మందగిస్తున్నదనీ అందులో ఉంది. రోజూ కడుపులో దారాలు దించితే ఎవరికి కోపం రాదు అన్న ప్రశ్న మాత్రం డాక్టరు గారికి తట్టినట్టు లేదు. ఆ అలెక్సిస్ మధ్యలో పారిపోయాడు, మళ్ళీ వచ్చాడు, ఒప్పందం మీద నౌకరుగా చేరాడు, మళ్ళీ పోయాడు. 1880లో చనిపోతే, వైద్యులు శవాన్ని కోసుకుపోతారన్న భయంతో కుటుంబంవారు అది కుళ్ళేదాకా ఉంచి అప్పుడు పూడ్చారు. శాస్త్రానికి కడుపు ఇచ్చినవాడు ఇంకేమీ ఇవ్వదలచుకోలేదు.

ఎక్స్-రే 1895లో వచ్చింది. మరుసటేడే హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే విద్యార్థి పిల్లులకు తెరమీద కనపడే మందు కలిపిన ఆహారం పెట్టి, జీర్ణాశయం అలలు అలలుగా కదలడం చూడసాగాడు. పిల్లి బెదిరినా, గింజుకున్నా ఆ అలలు టక్కున ఆగిపోయేవి. నిమిరి శాంతపరిస్తే మళ్ళీ మొదలయ్యేవి. ఆ ఆగడం వెనక ఏముందని ఆయన ఏళ్ళ తరబడి వెతికారు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్ అనే స్రావం వస్తుంది, దాన్ని జపాను దేశస్థుడు జోకిచి తకామినె 1901లో స్ఫటికాలుగా తీశారు. భయంలోనూ కోపంలోనూ అది రక్తంలోకి దిగుతుందని కానన్ 1911లో చూపారు. 1915లో పుస్తకం రాశారు. పారిపోవడానికో తలపడడానికో శరీరం సిద్ధపడేటప్పుడు కడుపు పని వాయిదా పడుతుంది. కలెక్టరు గారి తనిఖీ రోజున తపాలు పక్కన పెట్టి అందరం రికార్డు సర్దుకునేవాళ్ళం కదా, అలాగే.

ఇక నా కేసుకు అసలు కారకులు హాన్స్ సెల్యే గారు. మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉండేవారు. కొత్త హార్మోను ఏదో దొరుకుతుందని ఎలుకలకు అండాశయ రసం ఎక్కించి, కోసి చూశారు. మూడు మార్పులు కనబడ్డాయి. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి. రోగనిరోధక శక్తికి ఆధారమైన థైమస్ గ్రంథి, లింఫు గ్రంథులు కుంచించుకుపోయాయి. జీర్ణాశయంలోనూ చిన్నపేగు మొదట్లోనూ పుండ్లు పడ్డాయి. కొత్త హార్మోను దొరికిందని సంతోషించి, పోల్చి చూడడానికి ఫార్మలిన్ ఎక్కిస్తే మళ్ళీ అవే మూడు. చలిలో ఉంచినా అవే, గాయం చేసినా అవే. అంటే ఏ బాధ అన్నది కాదు, బాధ అన్నదే శరీరం గుర్తిస్తోంది. 1936 జూలై 4న ‘నేచర్’ పత్రికలో చిన్న ఉత్తరంగా ఈ సంగతి వచ్చింది. తర్వాత దీనికే ‘స్ట్రెస్’ అన్న పేరు స్థిరపడింది. మనం ఒత్తిడి అంటున్నది అదే. ఇక ఒత్తిడి వల్ల అల్సర్ అన్నది పాఠ్యపుస్తకాలకెక్కి, అక్కడి నుంచి మా అధికారి గారి కలందాకా వచ్చింది. సెల్యే గారికి సిగరెట్ కంపెనీల డబ్బు అందిన సంగతి ఆయన పోయిన చాలా కాలానికి పాత కాగితాలలో బయటపడింది. జబ్బులకు కారణం పొగ కాదు, ఒత్తిడి అనే వాదం ఆ కంపెనీలకు ఎంత అవసరమో మీరే ఊహించుకోవచ్చు.

సెల్యే ఎలుకలో మూడు సంగతులు ఒకేచోట ఉన్నాయి: ఒత్తిడి గ్రంథి, రోగనిరోధక శక్తి, పేగు. మూడూ ఒకే ఫైలు. కానీ శాస్త్రం దాన్ని మూడు సెక్షన్లకు పంచేసింది. హార్మోన్లవారు ఒక భాగం తీసుకున్నారు, రోగనిరోధకం వారు ఒకటి, కడుపు వైద్యులు ఒకటి. ఒకరి నోట్ ఫైలు ఒకరు చూసుకోలేదు. నలభై, యాభై ఏళ్ళు అలాగే గడిచాయి. ఇంత మాటంటే పెద్దవారికి కోపం రావచ్చు గాని, మన ఆఫీసులలో జరగనిది ఏమి ఉంది ఇందులో?

హార్మోన్ల సెక్షన్‌వారు కట్టిన క్రమం చాలా చక్కనిది, మనవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనేది సెక్రటేరియట్. అక్కడి నుంచి సి.ఆర్.ఎఫ్. అనే ఆదేశం వెళుతుంది. దాని నిర్మాణాన్ని 1981లో సాల్క్ సంస్థలో వైలీ వేల్ బృందం తేల్చింది. అది పీయూష గ్రంథికి, అంటే శాఖాధిపతి కార్యాలయానికి చేరితే, అక్కడి నుంచి ఎ.సి.టి.హెచ్. అనే ఉత్తర్వు రక్తంలో పడి అడ్రినల్ గ్రంథికి వస్తుంది. అడ్రినల్ మన ట్రెజరీ. అక్కడ కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవుతుంది. కార్టిసోల్ తగినంత అయ్యాక అదే పైకి కబురు పంపి ఆదేశాలు ఆపిస్తుంది. పైనుంచి మంజూరు లేనిదే ట్రెజరీలో పైసా కదలదని అందరూ నమ్మారు.

ఆ నమ్మకానికి మొదటి బెజ్జం పెట్టినవారు టెక్సాస్ రాష్ట్రం గాల్వెస్టన్‌లోని జె. ఎడ్విన్ బ్లాలాక్, ఎరిక్ స్మిత్. నా ఆపరేషన్ జరిగిన రోజుల్లోనే, 1980, 1981లలో వారి వ్యాసాలు వచ్చాయి. వైరస్ సోకించిన తెల్లరక్తకణాలు, అంటే మన ఒంట్లో కాపలా కాసే కణాలు, ఎ.సి.టి.హెచ్. వంటి పదార్థాన్ని స్వయంగా తయారు చేస్తున్నాయని వారు చెప్పారు. శాఖాధిపతి మాత్రమే సంతకం పెట్టవలసిన ఉత్తర్వు వీధిలో గూర్ఖా దగ్గర దొరికినట్టు. 1985లో ఇంకో అడుగు వేశారు. వైరస్ అక్కరలేదు, బ్యాక్టీరియా పైపొరలో ఉండే లిపోపాలిసాకరైడ్ అనే కొవ్వు-చక్కెర ముక్క తగిలినా ఆ కణాలు అదే పని చేస్తున్నాయన్నారు. ఈ పైపొర ఉన్న బ్యాక్టీరియా మన పేగుల్లో కోట్లకు కోట్లు ఉన్నాయి. రోగనిరోధక కణాలు కూడా ఒక జ్ఞానేంద్రియమేనని బ్లాలాక్ 1984లో రాశారు. కంటికీ చెవికీ అందని సూక్ష్మజీవి రాకను అవి పసిగట్టి, హార్మోన్ల భాషలో చెబుతాయని ఆయన భావం.

ఈ మాట అందరూ ఒప్పుకోలేదు. పీయూష గ్రంథి తీసేసిన చిట్టెలుకల్లో కూడా వైరస్ సోకితే ఒత్తిడి హార్మోను పెరిగిందని వారు చెప్పిన ప్రయోగాన్ని ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. కణాలు తయారుచేసే మొత్తం పీయూష గ్రంథి ముందు అతి స్వల్పం. ఆ మొత్తం ఉన్నచోట, ఆ చుట్టుపక్కల పని చేయడానికి సరిపోతుందేమో గాని ఒళ్ళంతటికీ సరిపోదు. 1986లో హ్యూగో బెసెడోవ్‌స్కీ, అడ్రియానా డెల్ రే తదితరులు మరో దారి చూపారు. సూక్ష్మజీవులను చూసిన రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి, అది ఒత్తిడి హార్మోన్లను పెంచుతుంది. అది నేరుగా హైపోథాలమస్‌నే కదిలిస్తుందని మరుసటేడు తేలింది. అంటే గూర్ఖా తానే ఉత్తర్వు రాసుకోవడం కన్నా, సెక్రటేరియట్‌కు టెలిగ్రాం కొట్టడం ఎక్కువ. ఈ రెండో దారి గట్టిగా నిలబడింది. నా మటుకు నాకు బ్లాలాక్ గారి మీదే అభిమానం. వివరాలలో పొరపడి ఉండవచ్చు గాని, మూడు సెక్షన్ల ఫైళ్ళు ఒక బల్ల మీదికి తెచ్చిన వారిలో ఆయన ఒకరు.

ఇప్పుడు కొంచెం వెనక్కి, 1882కు వెళ్ళాలి. ఎందుకంటే ఈ కాపలా కణాలను, పేగుల్లోని సూక్ష్మజీవులను కూడా పట్టించుకున్న మహానుభావుడు ఒకే ఒక్కడు, ఇల్యా మెచ్నికాఫ్. రష్యా సామ్రాజ్యంలోని ఖార్కోవ్ దగ్గర 1845లో పుట్టారు. ఇటలీలో మెస్సీనా పట్టణంలో ఉండగా, ఇంట్లోవాళ్ళంతా సర్కస్‌లో కోతులను చూడడానికి పోతే, ఆయన ఒక్కరే ఇంట్లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. నక్షత్రచేప పిల్ల ఒళ్ళు అద్దంలా ఉంటుంది. దానిలో గులాబి ముల్లు గుచ్చి, రాత్రంతా నిద్రపోక, తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. సూక్ష్మజీవులను మింగే భక్షక కణాల సిద్ధాంతం అలా పుట్టింది. దానికి 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. తర్వాతి కాలంలో పారిస్ పాశ్చర్ సంస్థలో ఆయన దృష్టి పెద్దపేగు మీదికి మళ్ళింది. అక్కడి బ్యాక్టీరియా విషాలే ముసలితనానికి కారణమనీ, బల్గేరియా రైతులలా పులిసిన పాలు తాగితే ఆయుష్షు పెరుగుతుందనీ ఆయన చెప్పారు. యూరపులో పెరుగు కోసం జనం ఎగబడ్డారు. ఆ విషాల మాట పట్టుకుని లండన్‌లో ఆర్బత్‌నాట్ లేన్ అనే సర్జన్ మలబద్ధకం ఉన్నవారి పెద్దపేగులే తీసిపారేశారు. ఈ వాక్యం చదివినప్పుడు నా చేయి నా పొట్ట మీది మచ్చ దగ్గరకు పోయింది. మెచ్నికాఫ్ గారు రోజూ పులిసిన పాలు తాగి 1916లో 71వ ఏట పోయారు. మన సంఘంలో అంతకన్నా పెద్దవారు సగం మంది ఉన్నారు.

ఆయన కనుక్కున్న భక్షక కణం, ఆయన అనుమానించిన బ్యాక్టీరియా, ఈ రెండింటి మధ్య ఒత్తిడి హార్మోను మధ్యవర్తి కాగలదని ఆయనకు తెలియదు. 2007లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పీటర్ వార్డ్ బృందంవారు ‘నేచర్’లో ఒక వ్యాసం రాశారు. భక్షక కణాలకు ఆ బ్యాక్టీరియా పైపొర ముక్కను చూపితే అవి అడ్రినలిన్, నారడ్రినలిన్ విడుదల చేస్తున్నాయి. కానన్ గారి పిల్లి భయపడితే అడ్రినల్ గ్రంథి ఇచ్చిన సరుకే ఇది. గ్రంథి కాదు, నరం కాదు, రక్తంలో తిరిగే కాపలాదారు ఇస్తున్నాడు. పైగా ఆ సరుకు వాపును ఇంకా పెంచుతోంది. ఆ ఉత్పత్తిని మందులతో ఆపితే ఎలుకల ఊపిరితిత్తులకు నష్టం తగ్గింది. ఇవి ఎలుకల మీద, పరీక్షనాళికలలో చేసినవి. మనిషి పేగులో రోజువారీ ఎంత జరుగుతోందన్నది వేరే లెక్క.

ఎదురు దారి కూడా ఉంది. అమెరికాలో మార్క్ లైట్ అనే శాస్త్రజ్ఞుడు 1992లో నారడ్రినలిన్ కలిపితే ఇ. కోలై వంటి బ్యాక్టీరియా మరింత జోరుగా పెరుగుతుందని చూపారు. మన కంగారు వాటికి మేత అన్నమాట. తపాలు రెండువైపులా నడుస్తోంది.

ఇంత పెద్ద తపాలు నడిపే జనాభా ఎంత? మనిషి ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుల లెక్క, తూకం సుమారు 200 గ్రాములు. మన కణాలకు పది రెట్లు అని పూర్వం రాసేవారు, అది తప్పని వారే తేల్చారు. ఇంచుమించు సమానమట. రోగనిరోధక కణాలు కూడా ఎన్నో ఆ పేగు గోడల్లోనే కాపురం.

అసలు ఈ బ్యాక్టీరియా లేకుండా పుట్టించి పెంచిన చిట్టెలుకలకు ఒత్తిడి కలిగిస్తే ఏమవుతుంది? జపానులో ఫుకువోకాలోని క్యూషూ విశ్వవిద్యాలయంలో నొబుయుకి సుదో బృందంవారు ఇది చేసి 2004లో ప్రకటించారు. వాటిని గంటసేపు కదలకుండా కట్టడి చేశారు. మామూలు చిట్టెలుకల కన్నా వీటిలో ఎ.సి.టి.హెచ్., ఒత్తిడి హార్మోను బాగా ఎక్కువ పెరిగాయి. పుట్టుకతో పొరుగువాళ్ళు లేనివాడికి ప్రతి చప్పుడూ దొంగే. బిఫిడోబాక్టీరియం అనే ఒక్క మంచి బ్యాక్టీరియాను పేగులో పెడితే ఆ అతి తగ్గింది. రోగం కలిగించే ఇ. కోలైని పెడితే ఇంకా పెరిగింది. మామూలు చిట్టెలుకల మలంలోని సూక్ష్మజీవులను చిన్నతనంలోనే ఇస్తే కొంతవరకు సర్దుకుంది, పెద్దయ్యాక ఇస్తే సర్దుకోలేదు. ఒత్తిడికి ఎంత స్పందించాలన్నది చిన్ననాడే, పేగులోని ఇరుగుపొరుగు చూసి, శరీరం నిర్ణయించుకుంటుందన్న మాట అప్పటి నుంచి గట్టిగా వినబడుతోంది.

మరి నా అల్సర్ సంగతి? ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పెథాలజిస్టు 1979లో జీర్ణాశయపు పొరలో వంకర బ్యాక్టీరియాను చూశారు. అంత ఆమ్లంలో ఏదీ బతకదని తోటివారు నవ్వారు. బారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనతో చేరి వాటిని పెంచబోతే రెండు రోజులలో ఏమీ మొలవక పారేసేవారు. 1982 ఈస్టర్ సెలవులకు పళ్ళాలు లోపలే ఉండిపోయాయి. సెలవుల తర్వాత చూస్తే మొలిచి ఉన్నాయి. సెలవులు దండగ అనే అధికారులకు ఈ ఒక్క ఉదాహరణ చాలు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకుని, పరీక్ష చేయించుకుని రుజువు చేశారు. దాని పేరే హెలికోబాక్టర్ పైలోరి. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నా నరం కోసింది 1981లో, నా మీద రాసింది 1983లో, ఆయన తాగింది 1984లో. ఏడాది అటూ ఇటూ అయితే ఏం పోయేది అనిపిస్తుంది గాని, శాస్త్రం మన ఇంక్రిమెంటు తేదీ చూసుకుని రాదు కదా.

ఆపరేషన్ అయినా నొప్పి 1990 తర్వాత మళ్ళీ తిరగబెట్టింది. 1998లో ఎండోస్కోపీ చేసి, ఆ బ్యాక్టీరియా ఉందని చెప్పి, రెండు వారాలు మాత్రలు ఇచ్చారు. అంతే, పోయింది. ఇరవై ఏళ్ళ నొప్పి, పధ్నాలుగు రోజుల మందు. ఆ మాత్రల్లో ఒకటి టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. దాన్ని కనుక్కున్న బెంజమిన్ డగ్గర్ పనిచేసిన లెడర్లీ పరిశోధనశాలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు, ఆయనకూ వచ్చి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికారు. నన్ను కాపాడిన ఆ మాత్రలే పేగులోని మంచివాళ్ళను కూడా ఊడ్చేస్తాయని నాకు తర్వాత తెలిసింది. ఆ రెండు వారాలూ విరేచనాలతో నేను పడ్డ అవస్థకు అర్థం అప్పుడు బోధపడింది. మోకాళ్ళ నొప్పులకు అదేపనిగా వేసుకునే మాత్రల వల్ల కూడా అల్సర్ వస్తుంది, కాబట్టి అన్నీ బ్యాక్టీరియా మీదికి నెట్టకండి.

నోబెల్ వచ్చిన రోజున పేపరు పట్టుకుని, నా మీద రాసిన వ్యాఖ్య ఇరవై రెండేళ్ళకు కొట్టివేయబడిందని ఇంట్లో ప్రకటించాను. తర్వాత పైన చెప్పినవన్నీ చదివాక అంత ధీమా లేదు. నా అల్సర్‌కు కారణం కంగారు కాదు, నిజమే. కానీ కంగారుకూ పేగుకూ సంబంధమే లేదని మార్షల్ గారు కూడా అనలేదు. మా అధికారి గారు రాసింది తప్పు, ఆ తప్పు వెనక ఉన్న పాత అనుమానం మాత్రం పూర్తిగా తప్పు కాదు. ఆయన కారణాన్ని ఒకే వైపు నుంచి రాశారు, మనసు నుంచి కడుపుకు. కడుపు నుంచి మనసుకు కూడా కారణం నడవవచ్చని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుని గుండెలు దడదడలాడిన ఆ ఏళ్ళలో, ఆ దడ నా గుణమో, నా పేగులోని కాపలా కణాలు పంపిన టెలిగ్రామో ఎవరు చెప్పగలరు?

ఇంకొక్క ప్రయోగం చెప్పి ముగిస్తాను, ఇది నాకు స్వంత చుట్టరికం ఉన్నది. ఐర్లండ్‌లోని కార్క్‌లో జాన్ క్రయన్ బృందంవారు 2011లో చిట్టెలుకలకు లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియా ఒకటి తినిపించారు. వాటికి బెదురు తగ్గింది, ఒత్తిడిలో హార్మోను కూడా తక్కువ పెరిగింది. తర్వాత వేగస్ నరం కోసిన చిట్టెలుకలకు అదే తినిపిస్తే ఏ మార్పూ లేదు. పేగు నుంచి మెదడుకు పోయే కబురు ఆ తీగ మీదుగానే వెళుతోందని అలా తెలిసింది. ఆ తీగ నాకు 1981 నుంచి లేదు. 2017లో అదే బ్యాక్టీరియాను ఆరోగ్యవంతులైన మగవారికి ఇచ్చి చూస్తే ఒత్తిడిలో ఏ తేడా కనబడలేదని అదే కార్క్‌వారు నిజాయితీగా ప్రకటించారు. కాబట్టి పెరుగన్నం తింటే దిగులు పోతుందని ఎవరైనా చెబితే, చిట్టెలుకకా మనిషికా అని అడగండి.

ఆ మెమో కాపీ ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. ఈ వ్యాసం రాయడానికి బయటికి తీసి, మా ఆవిడకు చదివి వినిపించాను. అనారోగ్యం ముక్క బ్యాక్టీరియా ఖాతాలో రాయాలి అన్నాను. సరేనంది. కంగారుపడే స్వభావం అన్న ముక్క కూడా కొట్టేద్దామా అంటే, మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, “ఏమండీ, నిన్న లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి వచ్చాక అది అందిందో లేదోనని ట్రెజరీకి ఎన్నిసార్లు ఫోన్ చేశారు?” అని అడిగింది.

నాలుగుసార్లు.